గేజీ చెప్పని సంగతి: చవక కంప్రెసర్లూ, స్కూబా ట్యాంకులో గాలీ

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నీటి అడుగున ఈదే డైవర్లు పీల్చే గాలిని మోసుకుపోయే స్కూబా ట్యాంకును సొంతంగా, తక్కువ ఖర్చుతో నింపుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. ఒకే ప్రశ్నను వేరు వేరు మాటలలో అడిగినవారి ఉత్తరాలను కలిపి, పేర్లు తీసివేసి, ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర 12 లీటర్ల ట్యాంకు ఒకటి ఉన్నది. గాలి నింపించుకోవలసిన ప్రతిసారీ దానిని మోసుకొని తిరగడం శ్రమగా ఉన్నది. ఎయిర్ రైఫిళ్ళలో, అంటే గాలి ఒత్తిడితో పేలే తుపాకులలో, గాలి నింపడానికి అమ్మే చిన్న కంప్రెసర్లు 300 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) వరకు పోతాయని ప్రకటనలలో చూశాను. అసలైన డైవింగ్ కంప్రెసర్ కంటే అవి ఎన్నో రెట్లు చవక. నా ట్యాంకుకు కావలసినది 200 బార్ మాత్రమే. గాలి ఎక్కడిదైనా గాలే కదా, దీనితో నింపుకుంటే తప్పేమిటి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆ యంత్రం మీ ట్యాంకును 200 బార్ వరకు నింపగలదా అన్నది మొదటిది; అలా నింపిన గాలిని మనిషి నీటి అడుగున పీల్చవచ్చునా అన్నది రెండవది. ఓపిక ఉంటే నింపగలదు, కాని ఆ గాలిని పీల్చకూడదు. ట్యాంకుకు తగిలించిన గేజీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. లోపల ఎంత ఉన్నదో చూపుతుంది గాని, ఏమున్నదో చూపదు. ముల్లు 200 దగ్గరకు వచ్చి నిలిచిందంటే పని పూర్తయినట్లే కనిపిస్తుంది కాబట్టి, ఇటువంటి యంత్రం కొన్నవారిలో చాలామందికి రెండవ ప్రశ్న అసలు తోచదు.

ఆ యంత్రాన్ని ఎందుకు తయారు చేశారో ముందు చూద్దాము. ఎయిర్ రైఫిల్‌లో గాలి నిలిచే గొట్టం సాధారణంగా అర లీటరుకు మించదు. దానిని నింపి, యంత్రాన్ని ఆపి, చల్లారనివ్వడం ఆ యంత్రానికి ఉద్దేశించిన పని. మీ 12 లీటర్ల ట్యాంకులో 200 బార్ దగ్గర పట్టేది సుమారు 2,400 లీటర్ల మామూలు గాలి. నిమిషానికి 10 లీటర్లు మాత్రమే తోడే యంత్రమైతే అది ఏకబిగిన 4 గంటలు నడవాలి. కొద్ది నిమిషాలు నడిపి ఆపమని ఇటువంటి యంత్రాలలో చాలావాటి వెంట వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. పీల్చే గాలికి వాడరాదన్న మాట కూడా చాలావాటిలో కనిపిస్తుంది. కొనేవారు సాధారణంగా చదవని పేజీలో ఉంటుందన్నది వేరే సంగతి. ఎలాగూ బయటికి ఊదివేసే గాలిలో కొంత నూనె ఆవిరి ఉన్నా, కొంత విషవాయువు ఉన్నా తుపాకీకి పట్టింపు లేదు. ఆ యంత్రంలోని చిన్న ఫిల్టరు తుపాకీ వాల్వు తుప్పు పట్టకుండా కాపాడడానికి పెట్టినది, మీ ఊపిరితిత్తుల కోసం పెట్టినది కాదు.

ఇక అసలు చిక్కు వేడి. గాలిని నొక్కితే అది వేడెక్కుతుందని సైకిలు పంపు కొట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. 200 బార్ వరకు నొక్కే పనిని డైవింగ్ కంప్రెసర్ మూడు లేదా నాలుగు అంచెలుగా పంచుకొని, ఒక్కొక్క అంచె తరువాత గాలిని చల్లార్చి తరువాతి పిస్టన్‌కు పంపుతుంది. 30 డిగ్రీల గాలితో మొదలుపెట్టి నాలుగు సమానమైన అంచెలలో నొక్కితే, పుస్తకాల లెక్క ప్రకారం ఒక్కొక్క అంచె చివర గాలి 170 డిగ్రీల దరిదాపుకు వస్తుంది. చిన్న యంత్రంలోలాగా అదే పనిని రెండు అంచెలలో ముగిస్తే 370 డిగ్రీల దాకా పోతుంది. పిస్టన్ చుట్టూ తిరిగే నీటి వలన నిజమైన యంత్రంలో ఇది కొంత తగ్గవచ్చు. కాని ఒక చిన్న పంపు, ఒక బకెట్టు నీళ్ళు ఆ తేడాను పూర్తిగా తీర్చలేవు. మామూలు ఖనిజ నూనెల ఆవిరులు 200 నుంచి 250 డిగ్రీల మధ్య నిప్పు తగిలితే అంటుకోగలవు. అంతకు పైబడిన వేడిలో పిస్టన్ గోడలమీది నూనె పొర విరిగిపోతూ, మాడుతూ ఉంటుంది. మాడినప్పుడు పుట్టే వాయువులలో ఒకటి కార్బన్ మోనాక్సైడ్. ఈ విషం వాహనాల పొగ గొట్టం నుంచి మాత్రమే వస్తుందనుకొని, కరెంటుతో నడిచే కంప్రెసర్‌కు ఆ బెడద లేదనుకోవడం పెద్ద పొరపాటు. యంత్రం తనలో తానే దానిని తయారు చేసుకోగలదు.

తేమ సంగతి ఇంతకంటే తక్కువ భయంకరమైనదే గాని, లెక్క వేస్తే ఆశ్చర్యపోతారు. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉన్న రోజున, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మీ ట్యాంకు నిండడానికి కావలసిన గాలితోపాటు దాదాపు 58 గ్రాముల నీరు యంత్రంలోకి వస్తుందన్నమాట. పీల్చే గాలికి యూరపులో పాటించే ఈఎన్ 12021 ప్రమాణం ప్రకారం, ట్యాంకు నింపే కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో ఘనపు మీటరుకు 25 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండరాదు. అంటే మీ ట్యాంకు మొత్తానికి 60 మిల్లీగ్రాములు. లోనికి వచ్చిన నీటిలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే మిగలాలి, తక్కినదంతా దారిలోనే ఆగిపోవాలి. బొటనవేలంత ఫిల్టరులోని దూదికి ఇది సాధ్యమైన పని కాదు. మిగిలిన నీరు ట్యాంకులో చేరుతుంది. ట్యాంకు ఉక్కుదైతే లోపల తుప్పు పడుతుంది. తుప్పు పట్టడమంటే లోహం ఆక్సిజన్‌ను తినడమే కాబట్టి, తడిసిన ఉక్కు ట్యాంకులో గాలి చాలాకాలం నిలవ ఉంటే అందులోని ఆక్సిజన్ ప్రాణం నిలపలేనంత తగ్గిపోవచ్చు. చల్లని నీటిలో ఆ తేమే, ట్యాంకు గాలి ఒత్తిడిని తగ్గించి నోటికి అందించే రెగ్యులేటరులో గడ్డకట్టి, గాలి ఆగకుండా బయటికి పోయేటట్లు చేయగలదు.

మీరు రాసిన 300 బార్ అన్న అంకె గురించి కూడా ఒక మాట. దానిని మీరు సదుపాయంగా చూశారు. నాకు అది ప్రమాదంగా కనిపిస్తున్నది. 200 బార్ ట్యాంకును 300 బార్ యంత్రానికి తగిలించినప్పుడు మధ్య నిలిచేది యంత్రాన్ని ఆపే ఒక చిన్న మీట లేదా మీ జాగ్రత్త మాత్రమే. డైవింగ్ కంప్రెసర్‌లో ప్రతి అంచెకూ ఒక సేఫ్టీ వాల్వు, చివర ట్యాంకు పీడనానికి తగినట్లు సరిచేసిన మరొక సేఫ్టీ వాల్వు ఉంటాయి. నిండిన 12 లీటర్ల ట్యాంకులో బిగిసి ఉన్న శక్తి, స్థూలమైన లెక్కలో, 100 గ్రాముల టీఎన్‌టీ పేలుడుకు సమానం. నాలుగు గంటలు పట్టే పనిలో మనిషి కన్ను ఒక్కసారైనా గేజీ మీద నుంచి తప్పుతుంది.

మీ మిత్రులలో ఎవరికైనా ఎయిర్ రైఫిల్ ఉంటే, డైవింగ్ కంప్రెసర్‌తో నింపిన స్కూబా ట్యాంకు నుంచి ఆ తుపాకీని నింపుకోవచ్చును. చాలామంది అలాగే చేస్తారు కూడా. అటు నుంచి ఇటు మాత్రం రాకూడదు. తుపాకీ కంప్రెసర్‌తో ఒక్కసారి నింపిన ట్యాంకు మీద చెరగని రంగుతో ఆ మాట రాసి, డైవింగ్ సామాను నుంచి వేరుగా ఉంచాలి.

ప్రశ్న: కంప్రెసర్ చవకదైతే ఏమి, దాని తరువాత మంచి ఫిల్టరు ఒకటి విడిగా కొని బిగిస్తే సరిపోదా? యాక్టివేటెడ్ కార్బన్ నింపిన ఫిల్టర్లు విరివిగా దొరుకుతున్నాయి.

జవాబు: ఇది తెలివైన ప్రశ్న, సగం వరకు సరైనది కూడా. పీల్చే గాలి విషయంలో కంప్రెసర్ కంటే ఫిల్టరుకే విలువ ఎక్కువ అని అనడానికి నేను వెనుకాడను. కాని ఫిల్టరు అనేది ఒక గొట్టంలో కార్బన్ పోసి మూత బిగించడం కాదు. అందులోని పదార్థాలకు ఒక వరుస ఉన్నది, ఆ వరుసకు ఒక కారణం ఉన్నది. మొదట నీటినీ నూనెనూ బొట్లుగా విడదీసే సెపరేటరు ఉండాలి, దానిని పది పదిహేను నిమిషాలకు ఒకసారి తెరిచి నీరు వదలాలి. తరువాత మిగిలిన ఆవిరిని పట్టుకొనే మాలిక్యులర్ సీవ్, నూనె ఆవిరినీ వాసననూ పట్టుకొనే యాక్టివేటెడ్ కార్బన్ ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ రెండూ ఆపలేవు. దానికి హాప్కలైట్ అనే మాంగనీసు, రాగి ఆక్సైడ్ల మిశ్రమం కావాలి. అది ఆ విషాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వారు దీనిని రూపొందించారు. రెండు పేర్ల ముక్కలు కలిపి ఆ పేరు పెట్టారు. దీని బలహీనత తేమ. తడి తగిలితే హాప్కలైట్ పనిచేయడం మానేస్తుంది, మానేసినట్లు ఏ గుర్తూ చూపదు. అందుకే దానిని మాలిక్యులర్ సీవ్ తరువాతనే ఉంచాలి, ఆ సీవ్ నీరు తాగి నిండిపోకముందే మొత్తం ఫిల్టరును మార్చాలి.

విడిగా కొనేవారు తరచుగా మరచిపోయే భాగం మరొకటి ఉన్నది. మంచి డైవింగ్ కంప్రెసర్‌లో ఫిల్టరు తరువాత, ట్యాంకుకు వెళ్ళే దారిలో, ఒక పీడనం నిలిపే వాల్వు ఉంటుంది. ఫిల్టరులో ఒత్తిడి 100, 150 బార్ వంటి ఎత్తుకు చేరేవరకు అది గాలిని ముందుకు పోనివ్వదు. ఇది లేకపోతే, ఖాళీ ట్యాంకును నింపడం మొదలుపెట్టినప్పుడు ఫిల్టరులో ఒత్తిడి తక్కువగా ఉండి, గాలి దానిగుండా వేగంగా దూసుకుపోతుంది. నీరు విడిపోవడానికి తగిన ఒత్తిడీ ఉండదు, పదార్థాలకు తగిలి నిలిచే వ్యవధీ ఉండదు. అంటే ఎంత మంచి ఫిల్టరైనా ట్యాంకు సగం నిండేవరకు పేరుకు మాత్రమే పనిచేస్తుంది.

ఫిల్టరు ఆయుష్షు కూడా వేడి మీద ఆధారపడుతుంది. డబ్బా మీద వేసిన గంటలు సాధారణంగా 20 డిగ్రీల దగ్గర లెక్కించినవి. గాలి పది డిగ్రీలు పెరిగితే అందులో పట్టే ఆవిరి దాదాపు రెట్టింపవుతుంది, కాబట్టి ఫిల్టరు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. వేడిగా నడిచే చిన్న యంత్రం నుంచి వచ్చే గాలి 40 డిగ్రీలకు పైగా ఉంటే, ఖరీదైన ఫిల్టరు కూడా మీరనుకున్న దానిలో నాలుగో వంతు కాలం పనిచేస్తే అదృష్టమే. ఇన్ని భాగాలూ సమకూర్చి, ప్రతి కొద్ది ట్యాంకులకూ ఫిల్టరు మార్చి, గాలిని పరీక్ష చేయించే లెక్క వేసి చూడండి. కంప్రెసర్‌లో మిగిలిందనుకున్న డబ్బు అక్కడ కనిపించదు.

ప్రశ్న: నూనె అవసరం లేని కంప్రెసర్లు ఉన్నాయి కదా. నూనే లేనప్పుడు ఈ గొడవ అంతా ఎక్కడిది?

జవాబు: నూనె లేకపోతే నూనె మాడదన్నంత వరకు నిజం. కాని యంత్రం పీల్చుకొనే గాలిలోనే విషం ఉంటే నూనె లేకపోవడం వలన లాభమేమీ లేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట వేసినట్లవుతుంది. పక్కన నడిచే జనరేటరు పొగ, గ్యారేజీలో స్టార్టు చేసిన వాహనం, రంగుల డబ్బాల ఆవిరి, ఇవన్నీ అదే దారిన వస్తాయి. తేమ కూడా తగ్గదు. పైగా నూనె లేని యంత్రంలో రాసుకొనే రింగులను ప్లాస్టిక్ జాతి పదార్థాలతో చేస్తారు. వేడి హద్దు మీరితే అవి అరుగుతాయి, వాటి పొడి గాలిలో కలుస్తుంది. పైగా ‘నూనె లేని’ అని రాసిన వాటిలో ఎక్కువ భాగం పది బార్ లోపు పనిచేసే వర్క్‌షాపు యంత్రాలు. అవి స్కూబా ట్యాంకును నింపలేవు కూడా.

ప్రశ్న: మీరు అనవసరంగా భయపెడుతున్నారని నా అభిప్రాయం. ఇటువంటి చిన్న యంత్రంతో నేను రెండేళ్ళుగా ట్యాంకు నింపుకుంటున్నాను. గాలిలో ఏ వాసనా లేదు. పది మీటర్లకు మించి దిగను. వేలికి పెట్టుకొనే ఆక్సీమీటరు కూడా కొన్నాను. పైకి వచ్చాక చూస్తే ఎప్పుడూ 98 చూపుతుంది.

జవాబు: మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. మీరు చెప్పిన నాలుగు ఆధారాలనూ మాత్రం అంగీకరించలేను.

వాసన సంగతి మొదట. నూనె వాసన వస్తే గాలి చెడిందని తెలుస్తుంది. వాసన రాకపోతే బాగున్నదని తెలియదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నూనె మాడిన వాసనను మీ ఫిల్టరులోని కాస్త కార్బన్ పట్టేసుకొని, విషాన్ని మాత్రం దాటిపోనిస్తే, హెచ్చరించే ఒక్క గుర్తు కూడా పోయినట్లే. గనులలో పేలుళ్ళ తరువాత జరిగే మరణాలకు ఈ వాయువే ముఖ్య కారణమని 1896లో తేల్చి చెప్పిన జాన్ స్కాట్ హాల్డేన్, దానిని పసిగట్టడానికి గనిలోకి ఎలుకలనో చిన్న పక్షులనో తీసుకుపోవాలని సూచించాడు. మనిషి ముక్కు చేయలేని పని అది. రక్తంలో బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు రాకుండా లోతు నుంచి ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే పట్టికలను, డైవర్లు నేటికీ తలచుకొనేవాటిని, 1908లో ప్రకటించినవాడు కూడా ఆయనే.

ఆక్సీమీటరు మిమ్మల్ని ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా విషం పట్టిన హిమోగ్లోబిన్ ఎర్రగానే ఉంటుంది. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరు దానిని ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌గానే లెక్కిస్తుంది. రక్తంలో ప్రమాదకరంగా విషం చేరిన మనిషికి కూడా అది 98 చూపగలదు.

లోతు లెక్క చూద్దాము. పైన చెప్పిన ఈఎన్ 12021 ప్రమాణం గాలిలో పది లక్షల భాగాలకు 5 భాగాల కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే అనుమతిస్తుంది. అమెరికాలో పాటించే ‘గ్రేడ్ E’ అనే ప్రమాణంలో హద్దు 10 భాగాలు. మీ ట్యాంకులో 40 భాగాలు ఉన్నాయనుకుందాము. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి, శరీరం మీద దాని ప్రభావం నేల మీద 80 భాగాలు పీల్చినట్లు ఉంటుంది; 30 మీటర్లలో అయితే 160. తక్కువ లోతు మేలే, కాని రక్షణ కాదు. ఇందులో మరొక మోసం ఉన్నది. లోతులో ఆక్సిజన్ ఒత్తిడి కూడా పెరిగి ఉంటుంది కాబట్టి, విషం చేరుతున్నా డైవర్ కొంతసేపు తట్టుకుంటాడు. పైకి వస్తున్నప్పుడు ఆ ఆసరా తగ్గిపోతుంది, విషం మాత్రం హిమోగ్లోబిన్‌ను వదలదు. అందుకే కొందరు నీటి అడుగున బాగానే ఉండి, పైకి వచ్చే దారిలోనో, వచ్చిన కొద్ది క్షణాలకో స్పృహ తప్పుతారు. నేల మీద స్పృహ తప్పినవాడికి లేవడానికి అవకాశముంటుంది. నీటిలో తప్పినవాడి మరణానికి కారణం సాధారణంగా మునక అనే రాస్తారు.

రెండేళ్ళ అనుభవం అన్నారు. యంత్రం ప్రతిరోజూ ఒకే తీరుగా నడిచి ఉంటే ఆ అనుభవానికి విలువ ఉండేది. రింగులు అరిగిన కొద్దీ నూనె ఎక్కువగా పైకి ఎక్కుతుంది, వాల్వులకు మసి పట్టిన కొద్దీ వేడి పెరుగుతుంది, చుట్టూ గాలి ఆడని రోజున చల్లార్చడం మందగిస్తుంది. ఈ విషం రోజూ కొంచెం కొంచెంగా కాక, ఏదో ఒక రోజున అకస్మాత్తుగా పుడుతుంది. నిన్నటి ట్యాంకు బాగుండడం నేటి ట్యాంకుకు పూచీ కాదు. డైవ్ తరువాత తలనొప్పి, వికారం, తల తిరగడం ఎప్పుడైనా కలిగాయా అన్నది మీ ఉత్తరంలో రాయలేదు. కలిగి ఉంటే వాటిని ఎండకో అలసటకో అంటగట్టకుండా, ఆ ట్యాంకును పక్కన పెట్టి గాలిని పరీక్ష చేయించండి.

ప్రశ్న: చేతితో కొట్టే హైప్రెషర్ పంపు, దానితో నింపుకొనే అర లీటరు చిన్న సిలిండరు కలిపి అమ్ముతున్నారు. ఇందులో నూనె మాడడం, పొగ ఏమీ ఉండవు కదా?

జవాబు: మాడడం ఉండదు, నిజమే, శ్రమ మాత్రం మీదే, తేమ కూడా లోపలికి పోతుంది. నా అభ్యంతరం వేరే. అర లీటరు సిలిండరులో 200 బార్ దగ్గర ఉండేది 100 లీటర్ల గాలి. నేల మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారు పది మీటర్ల లోతులో 40 లీటర్లు వాడతారు, అంటే రెండున్నర నిమిషాలు. కంగారు పడితే అందులో సగం. శిక్షణ లేనివారి చేతికి ఇచ్చి అమ్ముతున్నారన్నదే నాకు ఎక్కువ బాధ. ఒత్తిడితో ఉన్న గాలిని పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఒకటిన్నర మీటర్ల లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. అక్కడ గాలి ఎంత శుభ్రమైనదన్నది ప్రశ్నే కాదు.

ప్రశ్న: ట్యాంకు జోలికి పోకుండా, రంగులు కొట్టే వర్క్‌షాపు కంప్రెసర్‌కు పొడవైన గొట్టం బిగించి, నాలుగైదు మీటర్ల లోతులో పడవ అడుగు శుభ్రం చేసుకోవచ్చునా?

జవాబు: వద్దు. ఆ యంత్రం గాలిలో నూనె తుంపర ఉంటుంది. దానిని అదే పనిగా పీల్చితే ఊపిరితిత్తులలో నూనె చేరి ఒక రకమైన న్యుమోనియా వస్తుంది. దాని తొట్టి అడుగున తుప్పు, మురికి నీరు ఉంటాయి. పెట్రోలు ఇంజనుతో నడిచేదైతే, గాలి తిరిగిన క్షణాన దాని పొగ దానికే లోపలికి పోతుంది. యంత్రం ఆగిపోతే మీ చేతిలో మిగిలి ఉండే గాలి దాదాపు శూన్యం. ఇదే పనికి, పీల్చే గాలి కోసమే తయారైన తక్కువ పీడనం యంత్రాలు ఉన్నాయి; వాటిలో గాలి తీసుకొనే గొట్టం ఇంజనుకు దూరంగా, ఎత్తులో ఉంటుంది.

ప్రశ్న: కొత్త డైవింగ్ కంప్రెసర్ కొనే స్తోమత మా చిన్న బృందానికి లేదు. ఎవరో వాడి అమ్ముతున్న పాతది ఒకటి మా దృష్టికి వచ్చింది. ఏమేమి చూసి కొనాలి?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు ఊరట కలిగింది, ఎందుకంటే తక్కువ ఖర్చుకు సరైన దారి ఇదే. మంచి పాత డైవింగ్ కంప్రెసర్ కొత్త తుపాకీ కంప్రెసర్ కంటే ఎన్నో రెట్లు మేలు.

నేనైతే యంత్రం కంటే ముందు దాని రిజిస్టరు అడుగుతాను. ఎన్ని గంటలు నడిచింది, నూనె ఎప్పుడు మార్చారు, ఏ నూనె పోశారు, ఫిల్టరు ఎన్ని గంటలకు ఒకసారి మార్చారు, గాలి పరీక్ష ఫలితాలు ఎక్కడ అన్నవి అందులో ఉండాలి. రిజిస్టరు లేదంటే ఫిల్టరు అశ్రద్ధకు గురయిందనే అనుకోవాలి. పీల్చే గాలి కంప్రెసర్లకు తయారీదారు చెప్పిన నూనె మాత్రమే వాడాలి; వాహనాల ఇంజను ఆయిల్ పోసిన చరిత్ర ఉంటే ఆ యంత్రాన్ని పూర్తిగా విప్పి శుభ్రం చేయించకుండా ముట్టుకోకండి.

తరువాత ఒక ఖాళీ ట్యాంకు తీసుకుపోయి, గడియారం పెట్టుకొని నింపి చూడండి. నిమిషానికి 100 లీటర్లు ఇవ్వవలసిన యంత్రం 12 లీటర్ల ట్యాంకును 200 బార్‌కు చేర్చడానికి సుమారు 24 నిమిషాలు తీసుకోవాలి. 35 నిమిషాలు పడితే రింగులో వాల్వులో అరిగాయి. అలా అరిగిన యంత్రం వేడిగా నడుస్తుంది, వేడిగా నడిచేది ఏమి చేస్తుందో పైన చెప్పాను. నింపుతున్నప్పుడు సెపరేటరు నుంచి వదిలిన నీటిని తెల్లని పాత్రలో పట్టండి. పాలలాగా తెల్లగా ఉండడం మామూలే, నూనె నీరు కలిస్తే అలాగే ఉంటుంది. నల్లగా, మసి కలిసినట్లు, మాడిన వాసనతో ఉంటే బేరం ముగించి రావచ్చు.

సేఫ్టీ వాల్వుల మీద సీలు చెక్కుచెదరకుండా ఉన్నదా, చివరి వాల్వు మీ ట్యాంకులకు తగిన పీడనానికి పెట్టినదా, గొట్టాలు పగుళ్ళు లేకుండా ఉన్నాయా అన్నది తెలిసిన మెకానిక్‌తో చూపించండి. ఇది మీరు స్వయంగా చేయవలసిన పని కాదు.

చివరికి, కొనకముందు, ఆ యంత్రం ఇచ్చిన గాలిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలన్న షరతు పెట్టండి. నూనె, నీరు, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ నాలుగూ చూడాలి. కొన్న తరువాత మూడు నెలలకు ఒకసారి అదే పరీక్ష జరగాలి. ఆ పరీక్షల మధ్య రోజులలో ఏమి జరిగిందో ప్రయోగశాల చెప్పలేదు కాబట్టి, చేతిలో ఇమిడే కార్బన్ మోనాక్సైడ్ మీటరు ఒకటి కొని, నింపిన ప్రతి ట్యాంకునూ దానితో చూసి అంకె రాసుకోండి. మీ బృందం ఒక్క వస్తువుకే అదనంగా ఖర్చు పెట్టగలిగితే అది ఈ మీటరే కావాలి. గాలిని ఆక్సిజన్‌తో కలిపి నైట్రాక్స్ తయారు చేసే ఆలోచన ఉంటే మాత్రం ఇంకొకసారి రాయండి. అక్కడ నూనె హద్దు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రామే, తప్పితే మంటలు.

ప్రశ్న: నేను ఇప్పటికే తుపాకీ కంప్రెసర్‌తో రెండు ట్యాంకులు నింపి ఉంచాను. ఒకటి అల్యూమినియంది, ఒకటి ఉక్కుది. ఒకదానితో ఒకసారి డైవ్ కూడా చేశాను. ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు: రెండింటినీ మరొకసారి పీల్చకండి, పరీక్షకని నోట పెట్టుకొని చూడడం కూడా వద్దు. ఆరుబయట, వాల్వును కొద్దిగా మాత్రమే తెరిచి, నెమ్మదిగా ఖాళీ చేయండి. వేగంగా వదిలితే ట్యాంకు చల్లబడి లోపలి తేమ గోడలకు పడుతుంది.

తరువాత రెండింటినీ ట్యాంకులు పరీక్షించే అర్హత ఉన్నవారికి ఇచ్చి, వాల్వు విప్పి లోపల దీపం వేసి చూడమనండి. ఏ కంప్రెసర్‌తో నింపారో దాచకుండా చెప్పండి. ఉక్కు దానిలో తుప్పు, రెండింటిలోనూ నూనె పొర ఉన్నాయేమో చూస్తారు, అవసరమైతే కడిగి ఆరబెడతారు. అల్యూమినియం ట్యాంకు పాతదైతే, 6351 అనే మిశ్రమ లోహంతో చేసినదా అని కూడా అడగండి. ఆ లోహంతో చేసిన వాటిలో కొన్నిటికి మెడ దగ్గర పగుళ్ళు వచ్చిన సంగతి డైవింగ్ రంగంలో అందరికీ తెలుసు, దానికి ప్రత్యేకమైన పరీక్ష ఉన్నది. నీటి ఒత్తిడితో చేసే పరీక్ష గడువు చాలా దేశాలలో అయిదేళ్ళు. మీ ట్యాంకు మెడ మీద చెక్కిన తేదీని ఎలాగూ చూస్తారు. ఆ ట్యాంకుతో వాడిన రెగ్యులేటరును కూడా సర్వీసుకు ఇవ్వండి.

మీరు చేసిన ఆ ఒక్క డైవ్ గురించి. రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ మామూలు గాలి పీలుస్తుంటే సుమారు 5 గంటలకు సగమవుతుంది, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరకే సగమవుతుంది. రోజులు గడిచి ఉంటే రక్తంలో ఇప్పుడు ఏమీ మిగలదు. అయినా ఆ తరువాత తలనొప్పి, మరపు, నడకలో తడబాటు వంటివి ఉన్నట్లయితే వైద్యుని దగ్గరకు వెళ్ళి, డైవ్ చేసిన సంగతినీ, ట్యాంకు ఎలా నింపారన్న సంగతినీ రెండూ చెప్పండి. మొదటిది మాత్రమే చెబితే ఆయన డీకంప్రెషన్ జబ్బు కోసం మాత్రమే వెతకవచ్చు.